వైర్‌లెస్ ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలు: విమర్శనాత్మక పరిశీలన

కంప్యూటర్ నెట్‌వర్కుల పుస్తకాల్లో వైర్‌లెస్ భద్రత అనగానే ఒక పట్టిక కనిపిస్తుంది. ఒకవైపు వెప్, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అనే నాలుగు పేర్లు, రెండోవైపు ఒక్కొక్కదాని అల్గారిథమ్, కీ పొడవు. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు. కానీ ఆ పట్టిక చదివిన విద్యార్థి మనసులో ఒక పొరపాటు అభిప్రాయం స్థిరపడిపోతుంది: కీ పొడవు పెరిగినకొద్దీ భద్రత పెరుగుతూ వచ్చిందని. ఈ ప్రమాణాలు ఎక్కడ దెబ్బతిన్నాయో దగ్గరగా చూస్తే, ఎక్కువ లోపాలు అల్గారిథమ్‌ను వాడిన పద్ధతిలో బయటపడ్డాయి. ఈ భాగాన్ని ఆ దృష్టితో చదవండి.

వెప్ 1997లో ఐఈఈఈ 802.11 ప్రమాణంతో పాటు వచ్చింది. తీగల నెట్‌వర్కులో ఉన్నంత గోప్యత ఇస్తామన్నది దాని పేరులోనే ఉన్న వాగ్దానం. ఇందులో వాడింది ఆర్‌సీ4 అనే స్ట్రీమ్ సైఫర్. ఇది కీ నుంచి ఒక బిట్ల ప్రవాహాన్ని పుట్టిస్తుంది. దాన్ని సందేశంతో ఎక్స్‌ఆర్ చేస్తే గుప్త సందేశం వస్తుంది. ఈ పద్ధతికి ఒక్కటే కఠినమైన నియమం: ఒకే ప్రవాహాన్ని రెండుసార్లు వాడకూడదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూడండి. ప్రవాహం 1100 అనుకుందాం. మొదటి సందేశం 1011 అయితే గుప్త రూపం 0111. రెండో సందేశం 0110 అయితే గుప్త రూపం 1010. గాలిలో ఈ రెంటినీ పట్టుకున్నవాడు వాటిని ఎక్స్‌ఆర్ చేస్తే 1101 వస్తుంది. అసలు సందేశాలు రెంటినీ ఎక్స్‌ఆర్ చేసినా వచ్చేది అదే 1101. కీ మధ్యలోంచి పూర్తిగా తప్పుకుంది. ఇక రెంటిలో ఒక సందేశం ఊహించగలిగినా రెండోది దానంతటదే తెలిసిపోతుంది.

ఈ ప్రమాదం వెప్ రూపకర్తలకు తెలియనిది కాదు. అందుకే ప్రతి ప్యాకెట్‌కు కీ ముందు ఒక 24 బిట్ల ప్రారంభ సంఖ్యను చేర్చమన్నారు. 24 బిట్లతో వచ్చే సంఖ్యలు మొత్తం 1,67,77,216. వినడానికి పెద్దదే, రద్దీగా ఉండే నెట్‌వర్కుకు మాత్రం చాలదు. సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే దాదాపు 5,000 ప్యాకెట్లకే ఏదో ఒకటి తిరిగి రావడానికి సగానికి సగం అవకాశం ఉంది. 23 మంది ఉన్న తరగతిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుందని సంభావ్యతలో మీరు చదివిన లెక్కే ఇది. ఇంతకంటే విచిత్రం, ప్యాకెట్‌కు ప్యాకెట్‌కు ఆ సంఖ్యను మార్చమని ప్రమాణం సిఫారసు చేసిందే గాని తప్పనిసరి చేయలేదు. నా దృష్టిలో వెప్‌లో క్షమించలేని లోపం ఇదే. భద్రత మొత్తం ఏ నియమం మీద నిలబడి ఉందో, ఆ నియమాన్నే ఐచ్ఛికంగా వదిలేశారు.

2001లో స్కాట్ ఫ్లూరర్, ఇట్సిక్ మాంటిన్, ఆది షమీర్ ఇంకో దెబ్బ చూపించారు. అందరికీ కనిపించే ప్రారంభ సంఖ్యను రహస్య కీకి నేరుగా తగిలించడం వల్ల ఆర్‌సీ4లోని ఒక బలహీనత ద్వారా కీ కొంచెం కొంచెంగా బయటికి కారిపోతుంది. ఆర్‌సీ4 మచ్చలేనిదని కాదు. అయినా అదే ఆర్‌సీ4 వెబ్‌సైట్ల భద్రతలో 2015లో నిషేధించేదాకా కొనసాగిందని గుర్తుంచుకోండి. అక్కడ కీని తయారుచేసే పద్ధతి వేరు.

ఈలోగా తయారీదారులు 40 బిట్ల కీని 104 బిట్లకు పెంచి, ప్రారంభ సంఖ్యతో కలిపి 128 బిట్లని పెట్టెల మీద అచ్చువేశారు. ప్రారంభ సంఖ్య మాత్రం 24 బిట్ల దగ్గరే ఉండిపోయింది. 2007లో జర్మనీ పరిశోధకులు ఆ 104 బిట్ల కీని ఒక నిమిషం లోపే రాబట్టి చూపించారు. గోడ ఎత్తు పెంచి తలుపు తెరిచి ఉంచినట్లయింది. అప్పటికే అమెరికాలో టీజేఎక్స్ అనే దుకాణాల సంస్థ నుంచి 4.5 కోట్లకు పైగా కార్డుల వివరాలు దొంగల పాలయ్యాయి. దొంగలు దుకాణాల వైర్‌లెస్ నెట్‌వర్కు ద్వారా లోపలికి వచ్చి ఉంటారని, అక్కడ ఉన్నది వెప్ రక్షణేనని కెనడా గోప్యతా కమిషనర్ నివేదిక పేర్కొంది.

2003లో వచ్చిన డబ్ల్యూపీఏ తాత్కాలిక చికిత్స. పాత కార్డులు పారేయకుండా సాఫ్ట్‌వేర్ మార్పుతోనే నెట్టుకురావాలి కాబట్టి ఆర్‌సీ4నే ఉంచి, దాని చుట్టూ ఉన్నదాన్ని సరిచేశారు. ప్యాకెట్ సంఖ్య 48 బిట్లయింది, ప్రతి ప్యాకెట్‌కు కీని కలిపి వేరుగా తయారుచేశారు. అతుకుల బొంతే అయినా నిజాయితీగా వేసిన అతుకులు.

2004 నాటి డబ్ల్యూపీఏ2లో ఏఈఎస్ వచ్చింది. ఏఈఎస్‌ను ఈరోజుకీ ఎవరూ ఆచరణలో ఛేదించలేదు. మరి డబ్ల్యూపీఏ2 నెట్‌వర్కులు ఎలా బద్దలవుతున్నాయి? పాస్‌వర్డ్ దగ్గర. మీ ఫోను, రౌటరు చెరొక యాదృచ్ఛిక సంఖ్యను మార్చుకుని, పాస్‌వర్డ్ నుంచి పుట్టిన మూల కీతో కలిపి ఆ కనెక్షన్‌కు మాత్రమే చెల్లే కీని తయారుచేసుకుంటాయి. నాలుగు సందేశాల్లో ముగిసే ఈ సంభాషణను ఫోర్ వే హ్యాండ్‌షేక్ అంటారు. దీన్ని గాలిలో పట్టుకున్నవాడు తీరిగ్గా ఇంటికి పోయి ఒక్కొక్క పాస్‌వర్డ్ ఊహించి సరిచూసుకోవచ్చు. రౌటరుకు ఆ సంగతే తెలియదు.

మన ఇళ్లలో, హాస్టళ్లలో పదంకెల మొబైల్ నంబరునే వైఫై పాస్‌వర్డుగా పెట్టే అలవాటు మీరు చూసే ఉంటారు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి కాబట్టి మొత్తం అవకాశాలు 400 కోట్లు. ఊహలను ఆలస్యం చేయడానికి ఒక్కో పాస్‌వర్డును 4,096 సార్లు గణించాలని ప్రమాణం నిర్దేశించింది. అయినా మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షల ఊహలు పరీక్షించగలదు. 400 కోట్లకు పట్టేది 4,000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాలు. ఇందులో ఏఈఎస్ తప్పేమీ లేదు.

పాస్‌వర్డ్ ముందే తెలిసినవాడికి ఈ గంట కూడా అక్కర్లేదు. హాస్టల్లో ముప్పై మందిదీ ఒకే పాస్‌వర్డ్ అయితే, పక్క గదిలోని వ్యక్తి మీ హ్యాండ్‌షేక్‌ను పట్టుకుని మీ కీని తానే లెక్కించుకోగలడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. ప్రతి వ్యక్తికీ వేరే ప్రవేశ వివరాలు ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ పద్ధతి అదే ప్రమాణంలో మొదటినుంచీ ఉంది. దానికి వేరే సర్వర్ కావాలి కాబట్టి చిన్న హాస్టళ్లు దాని జోలికి పోవు. మీరు పరీక్ష ఫీజు కట్టేటప్పుడు ఇలాంటి వ్యక్తి నుంచి మిమ్మల్ని కాపాడేది చాలావరకు ఆ వెబ్‌సైటు హెచ్‌టీటీపీఎస్సే.

2017లో బెల్జియంకు చెందిన మాథీ వాన్‌హోఫ్, ఫ్రాంక్ పీసెన్స్ బయటపెట్టిన క్రాక్ దాడి ఇంకా ఆలోచింపజేస్తుంది. హ్యాండ్‌షేక్‌లోని మూడో సందేశాన్ని మళ్లీ పంపేలా చేస్తే, ఫోను అదే కీని మళ్లీ స్థాపించుకుని ప్యాకెట్ సంఖ్యను మొదటికి తెస్తుంది. అప్పుడు అదే ప్రవాహం రెండోసారి వాడుకలోకి వస్తుంది. వెప్‌లో చూసిన పాత జబ్బే, ఈసారి ఏఈఎస్‌కు పట్టింది. ఈ హ్యాండ్‌షేక్ సురక్షితమని గణితపరమైన నిరూపణ అప్పటికే ఉంది. ఆ నిరూపణ తప్పు కాదు. కీ రహస్యంగా ఉంటుందా అని అది అడిగింది, ఉంటుంది. అదే కీని రెండుసార్లు స్థాపిస్తే ఏమవుతుందని అడగలేదు.

2018 నాటి డబ్ల్యూపీఏ3 పాస్‌వర్డ్ సమస్యను మూలంలో పట్టుకుంది. ఇందులోని ఎస్‌ఏఈ పద్ధతిలో సంభాషణను పట్టుకున్నా ఇంటి దగ్గర ఊహించడానికి వీలుపడదు. ప్రతి ఊహకూ రౌటరును మళ్లీ కదిలించవలసిందే. ఇవాళ దాచుకున్న ప్యాకెట్లను రేపు పాస్‌వర్డ్ తెలిసినా విప్పలేరు. ఇది నిజమైన ముందడుగు. అయితే పాత ఫోన్ల కోసం రెండు ప్రమాణాలనూ ఒకే పాస్‌వర్డుతో నడిపే మిశ్రమ విధానం పెట్టారు. వాన్‌హోఫ్, ఎయాల్ రోనెన్ 2019లో చూపించినట్లు, అదే పేరుతో డబ్ల్యూపీఏ2 మాత్రమే తెలిసిన నకిలీ రౌటరు పెడితే కొత్త ఫోను కూడా పాత పద్ధతికి దిగిపోవచ్చు. అలా దిగితే చాలు, పాస్‌వర్డును మళ్లీ తీరిగ్గా ఊహించుకోవచ్చు.

మీకు అందుబాటులో ఉన్న రౌటరు సెట్టింగులను, యజమాని అనుమతితో, ఒకసారి తెరిచి చూడండి. భద్రతా విధానం దగ్గర ఏ పేరుందో, మిశ్రమ విధానమైతే దాన్ని తీసేస్తే ఇంట్లో ఏ ఫోను, ఏ టీవీ ఆగిపోతుందో రాసుకోండి. పాస్‌వర్డు అంకెలతోనే ఉంటే పైన మొబైల్ నంబరుకు వేసిన లెక్కనే దానికీ వేసి, ఎన్ని గంటలు నిలుస్తుందో కనుక్కోండి.