విపర్యస్త తరగతి – పద్యబోధన

విద్యార్థి పాఠమును ఇంటివద్దనే గ్రహించి వచ్చి, సాధనను తరగతిలో చేయు పద్ధతిని ఆంగ్లమున ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అందురు. దీనిని విపర్యస్త తరగతి యనవచ్చును. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బెర్గ్‌మన్, సామ్స్ అను రసాయనశాస్త్రోపాధ్యాయులు 2007లో తమ పాఠములను వీడియోలుగా తీసి విద్యార్థుల కిచ్చిన పిదప ఈ పద్ధతికి ప్రచారము హెచ్చినది. అంతకు పూర్వమే, 1990 దశకమున, హార్వర్డులో భౌతికశాస్త్రాచార్యుడు ఎరిక్ మజూర్ విద్యార్థులను ముందుగా చదివి రమ్మనెను. తరగతిలో ఒక ప్రశ్న నిచ్చి, ఎవరికి వారు సమాధానము చెప్పిన పిదప ప్రక్కవారితో చర్చించి మరల చెప్పుమనెను.

ఈ రెంటిలో వీడియోయే మనవారిని హెచ్చుగా ఆకర్షించినది. కాని పద్ధతికి ప్రాణము మజూర్ ప్రశ్నలో నున్నది.

ఈ మాట స్వానుభవమున చెప్పుచున్నాను. నన్నయ శకుంతలోపాఖ్యానమును ఒక గంట వీడియోగా తీసి ముందుగా పంపితిని. పలువురు చూడకయే వచ్చిరి. జాలిపడి పాఠమును మరల మొదటినుండి చెప్పితిని. చూచి వచ్చినవారి శ్రమ వ్యర్థమైనది. క్రమముగా వారును చూచుట మానిరి. దోషము నాదే. సాయంకాలము కూలికి పోవు విద్యార్థికి గంట వీడియో భారమని నేను తలపనైతిని.

మరుసటి యేట విభజనను మార్చితిని. ప్రతిపదార్థమును, కథాసందర్భమును రెండు పుటలలో ముందే ఇచ్చితిని. పద్యపఠనమును మాత్రము తరగతిలోనే యుంచితిని. పద్యపు నడక చెవితో పట్టవలసినది. పఠనానంతరము ఒకే ప్రశ్న: కాళిదాసు నాటకమున దుర్వాసుని శాపము దుష్యంతునకు మరపు కల్పించినది. నన్నయ కథలో శాపము లేదు. రాజు ఎరిగియు ఎరుగననెను. ఆకాశవాణి పలికిన పిదపనే భార్యను స్వీకరించిన ఆ రాజును సమర్థింపవచ్చునా? ప్రతి విద్యార్థియు తన తీర్పును, దాని కాధారమైన పద్యమును ముందుగా వ్రాయవలెను, పిదప వాదము. రాజు చెప్పుకొన్న లోకాపవాదభీతిని కొందరు పట్టిరి. శకుంతల సత్యమును గూర్చి పలికిన పద్యములనే కొందరు రాజుపై అభియోగముగా చూపిరి. పద్యము చదువనివాడు వాదమున నిలువలేడని వారికే తెలిసినది.

భౌతికశాస్త్రప్రశ్నకు సరియైన సమాధానము సాధారణముగా ఒక్కటియే యుండును. కావ్యప్రశ్నకు అట్లు కాదు. అయినను ఏ తీర్పైనను పద్యమున ఆధారము చూపవలెనను నియమము లేనిచో చర్చ కేవలము కాలక్షేప మగును. విద్యలో ఒక పాలు సహపాఠులవలన లభించునని మన పూర్వులును చెప్పిరి. కనుక అధ్యాపకుడు తరగతికి పోవుటకు ముందు తన్ను తాను అడుగవలసినది ఇది: నేటి పాఠమున విద్యార్థి ఒంటరిగా చేయలేని దేమి? తరగతికాలము దానికే చెందవలెను.