కిలోన్నర ఉల్లిగడ్డలు

మా ఇంట్లో ఎవరి నోటి నుంచైనా ‘జారింది’ అన్న మాట వస్తే బాపు చేతిలో ముద్ద ఆగిపోయేది. జారింది గిన్నో, కాలో తెలుసుకున్నాకే మళ్లీ తినేవాడు. ఆయన గోదావరిఖనిలో ఒక ఇంక్లైన్ మీద ముప్పై ఏళ్లు హాలేజ్ ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. వాలు బాట మీద బొగ్గు టబ్బుల వరుసను ఉక్కు తాడు పైకి లాగుతుంటుంది. తాడు పట్టు తప్పినా, కొక్కెం ఊడినా, కింద ఉన్నవాళ్లకు ఆలోచించే వ్యవధి ఉండదు. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైన నాటి నుంచి సింగరేణిలో బొగ్గు తీయడం ఎంత పనో, దాన్ని జారకుండా పైకి తేవడమూ అంతే పని.

అలాంటి మనిషి ముందు కూర్చుని నిరుడు ఎండాకాలం మా మేనల్లుడు, జారడానికే ఒక చక్రం చేస్తానన్నాడు.

వాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాడు. పాత స్కూటర్ ఇంజన్, ఇనుప పైపులు, నాలుగు చిన్న టైర్లతో ఒక గో కార్ట్ కట్టుకున్నాడు. కొత్త వస్తువులు కొని చేయలేదని చిన్నబుచ్చుకుంటుంటే నేనొక సంగతి చెప్పాను. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల పనివాడు కట్టిన మొదటి గో కార్ట్‌కు ఉన్నది కూడా గడ్డి కోసే యంత్రాల కోసం తయారైన ఇంజనే. ఈ బండి పుట్టుకే మిగులు సామానులోంచి. అయితే మావాడి సామాను పాత ఇనుము కొట్లో డబ్బులిచ్చి కొన్నది. సింగరేణి కంపెనీ నట్టు ఒక్కటి కనిపించినా బాపు కార్టును గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

చిక్కంతా వెనుక ఇరుసులో ఉంది. రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కార్టుకు మామూలుగా ఉండదు. రెండు వెనుక చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో మాత్రం బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. చక్రాల మధ్య మీటరు దూరం ఉంటే, ఒక్క గుండ్రటి చుట్టుకు తేడా 6.28 మీటర్లు. చుట్టు చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే. ఎడ్లబండికి ఈ బాధ లేదు, దాని ఇరుసు కదలదు, చక్రాలు దేనికవే తిరుగుతాయి. రేసు కార్టులైతే మలుపులో లోపలి వెనుక చక్రం కాస్త గాల్లోకి లేచేలా ముందు చక్రాల వాలు పెడతారు. మావాడి ఫ్రేముకు అంత నేర్పు లేదు. స్టీరింగ్ తిప్పితే బండి వినేది కాదు, నిటారుగా తుమ్మ చెట్ల వైపు పోయేది.

ఒక చక్రాన్ని పూర్తిగా వదిలేస్తే సరిపోదా అని అడిగాను. చేసి చూపించాడు. బండి చక్కగా తిరిగింది. కానీ మా వైపు ఖాళీ జాగాల్లో పైన దుమ్ము, కింద మొరం. ఇంజన్ తిప్పే ఒక్క చక్రం దుమ్ములో పడిందంటే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, బండి కదలదు. 1930లలో జర్మనీలో ఆటో యూనియన్ రేసు కార్లదీ ఇదే బాధ. పదహారు సిలిండర్ల బలమంతా బరువు తక్కువ పడిన చక్రంలోకి పోయి వృథా అయ్యేది. కొంతవరకు పట్టి, ఆపైన జారే లిమిటెడ్ స్లిప్ ఏర్పాటు వాటికి వచ్చింది అందుకే. మావాడు కోరింది దానికి పేదింటి తమ్ముణ్ని.

“జారితె పానం పోతది బిడ్డా” అన్నాడు బాపు.

“జారకపోతె మలుపు తిరగదు తాతా.”

బాపు మాట్లాడలేదు. లేచి కార్టు చుట్టూ తిరిగొచ్చాడు.

లేత్ కొట్లో రెండు రోజుల పని అయింది. ఇరుసు 30 మిల్లీమీటర్ల కడ్డీ. ఎడమ చక్రం కీ వేసి బిగించినదే. కుడి హబ్బు మాత్రం గన్‌మెటల్ బుష్ మీద విడిగా తిరుగుతుంది. దానికి రెండు పక్కలా రెండు ఉక్కు బిళ్లలు, ఇవి కీ మీద ఉంటాయి కాబట్టి ఇరుసుతోపాటే తిరుగుతాయి. బిళ్లకూ హబ్బుకూ నడుమ రాగి రివెట్లతో కొట్టిన బ్రేకు లైనింగ్. బయటి బిళ్ల మీద కప్పు వాషర్లు, వాటిని నొక్కుతూ క్యాజిల్ నట్టు, నట్టు కదలకుండా స్ప్లిట్ పిన్. నట్టు ఎంత బిగిస్తే లైనింగ్ అంత పట్టు పడుతుంది.

ఎంత బిగించాలి? మావాడు నోటుబుక్ తీశాడు. మనిషితో కలిపి బండి 130 కిలోలు. అందులో 60 శాతం వెనుక పడితే ఒక్కో చక్రం మీద 39 కిలోలు. దుమ్ము నేల మీద టైరు పట్టు అందులో సగం అనుకున్నాడు. టైరు వ్యాసార్ధం 13 సెంటీమీటర్లు. ఇరుసు నుంచి మీటరు దూరాన రెండున్నర కిలోలు వేలాడదీస్తే ఎంత బలమో, అంతకు మించితే టైరే నేల మీద జారుతుంది. హబ్బు అంతకంటే ముందే జారాలి కాబట్టి కిలోన్నర దగ్గర ఆపుదామన్నాడు. దానికి వాషర్లు 60 కిలోల పైచిలుకు బలంతో నొక్కాలి.

బాపు లెక్క చూడలేదు. “బ్రేకు ఏడుంది?” అని అడిగాడు.

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. బ్రేకు డిస్కు ఇరుసు మీద ఉంది. బ్రేకు వేస్తే ఇరుసు ఆగుతుంది, దానితో ఎడమ చక్రమూ ఆగుతుంది. కుడి చక్రానికి మాత్రం కిలోన్నర బలమే అందుతుంది, ఆపైన హబ్బు జారి తిరుగుతూనే ఉంటుంది. గట్టిగా తొక్కితే బండి ఎడమకు లాగేస్తుంది. మేం ఎంతసేపూ బండి ఎలా ఉరుకుతుందన్న ధ్యాసలోనే ఉన్నాం. బొగ్గు బాయిలో యంత్రాన్ని ముట్టుకునే ముందు అది ఎలా ఆగుతుందో చూడడం ఆయనకు అలవాటు. కుడి హబ్బు చుట్టూ హాలేజ్ డ్రమ్ముకు ఉన్నట్టే ఒక పట్టీ బ్రేకు వేయించి, రెంటినీ ఒకే పెడల్‌కు కలిపించాకే ఆయన నట్టు మీద చెయ్యి వేశాడు.

“మా బెల్టు కప్లింగు అసొంటిదేగా ఇది” అన్నాడు అప్పుడు. కన్వేయర్ బెల్టు మోటారుకూ గేర్‌బాక్సుకూ నడుమ ద్రవం నింపిన కప్లింగ్ ఉంటుంది. మోటారు ముందు తేలిగ్గా తిరిగి, తర్వాత బెల్టును మెల్లగా లాక్కుపోతుంది. బెల్టు ఇరుక్కుంటే కప్లింగ్ లోపలే జారుతుంది. ఆ జారుడు ఎక్కువసేపు సాగితే ద్రవం వేడెక్కి, తక్కువ వేడికే కరిగే ప్లగ్గు కరిగిపోయి, ద్రవమంతా బయటికి పోతుంది. మోటారు కాలిపోదు, బెల్టు తెగదు. జీవితమంతా జారుడుకు భయపడిన మనిషి, ఎంతవరకు జారాలో లెక్క కట్టిన యంత్రాన్ని కూడా అన్నేళ్లూ తన చేత్తోనే బాగుచేశాడు. నాకది అప్పటిదాకా తట్టలేదు.

కొలత ఆయనే పెట్టాడు. మావాడు మీటరు పైపు తెస్తే వద్దన్నాడు. పైపుకూ బరువుంది, అదీ లెక్కలో పడుతుంది. రెండు మీటర్ల పైపును సరిగ్గా నడిమికి చక్రానికి కట్టించి తక్కెడలా నిలిపాడు. జాకీ మీద కార్టు, కదలకుండా ఎడమ చక్రానికి అడ్డం. ఒక కొసన సంచి వేలాడదీసి, వంటింట్లోంచి ఉల్లిగడ్డలు తెప్పించి ఒక్కొక్కటే వేయించాడు. పైపు మెల్లగా ఒరిగింది. సంచి తూస్తే కిలో రెండు వందలు. నట్టు ఒక గాడి బిగించాడు. మళ్లీ ఉల్లిగడ్డలు. మూడో సారికి కిలోన్నర దగ్గర కదిలింది. సుద్దముక్కతో గోడ మీద తేదీ, బరువు రాశాడు.

మొదటి ఆదివారం బండి మలుపు తిరిగింది. ఎటు తిరిగినా హబ్బు కాస్త అడ్డం పడుతూనే ఉంది, చేతికి తెలుస్తుంది, కానీ తిరిగింది. రెండో ఆదివారం బుష్‌లోని కందెన వేడికి కరిగి లైనింగ్ మీదికి పాకింది. సంచి వేలాడదీస్తే అరకిలోకే జారింది. లైనింగ్ గీకి, బుష్ పక్కన ఫెల్టు రింగు పెట్టి మళ్లీ బిగించాం. గోడ మీద ఇంకో గీత పడింది. లైనింగ్ అరిగి కుదురుకునే కొద్దీ అంకె దిగుతూ వచ్చింది, బాపు గాడి గాడి బిగిస్తూ వచ్చాడు. మా అమ్మ ఆ ఉల్లిగడ్డల సంచి కూరకు ముట్టుకోవడం మానేసింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మేం అన్నం తింటుంటే మావాడు ఒళ్లంతా దుమ్ముతో గుమ్మంలోకి వచ్చాడు. “తాతా, జారింది” అన్నాడు.

బాపు చేతిలో ముద్ద ఆగలేదు. నోట్లో పెట్టుకుని, నమిలి, అప్పుడడిగాడు.

“ఎంతకు జారింది?”