కోపానికి లెక్కలు వచ్చిన రోజు

ఫోన్‌లో వేలు పైకి జరిపితే చాలు, ఎవరో ఒక ఎంపీ ఎవరో ఒక మంత్రిని ‘ఏకిపారేసిన’ వీడియో వస్తుంది. నలభై సెకన్లు. వెనక ఢాం ఢాం మ్యూజిక్. నేనూ చూస్తాను. బాగుందనిపిస్తే ఇద్దరు ముగ్గురికి పంపి మర్చిపోతాను. ఇంతకీ మంత్రి ఏం జవాబు చెప్పాడు? తర్వాత ఏమైంది? వీడియోలో ఉండదు. అసలు అడిగిందేమిటో కూడా రెండ్రోజుల తర్వాత గుర్తుండదు. గొంతు మాత్రం గుర్తుంటుంది.

ఈ అలవాటు మీద నాకే విసుగొచ్చి, పాత లోక్‌సభ చర్చలు చదవడం మొదలుపెట్టాను. స్కాన్ చేసిన పేజీలు, చిన్న అచ్చు, మధ్యలో సభ్యుల అడ్డంకులు. వాటిలో నేను మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళేది 1957 డిసెంబరు 16 నాటి చర్చకి. ఆ రోజు ఎల్ఐసీ పెట్టుబడుల మీద మాట్లాడింది ఫిరోజ్ గాంధీ. రాయ్‌బరేలీ సభ్యుడు, కాంగ్రెస్ వాడు. స్పీకర్ మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రధాని నెహ్రూ, అంటే ఫిరోజ్‌కి మామగారు. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి.

సంగతి క్లుప్తంగా ఇదీ. ప్రైవేటు బీమా కంపెనీలను జాతీయం చేసి 1956లో ఎల్ఐసీని పెట్టారు. ఏడాది తిరక్కుండానే, 1957 జూన్‌లో, హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లను అది సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొన్నది. ఆయన అప్పటికే అప్పుల్లో ఉన్నాడు. డబ్బు పాలసీదారులది. మా ఇంట్లో బీరువా అడుగున ప్లాస్టిక్ కవర్లో నాన్న పాలసీ బాండు ఉండేది. పెళ్ళి ఫొటోల కంటే జాగ్రత్తగా దాచేవారు దాన్ని. అలాంటి కవర్లున్న ఇళ్ళ డబ్బది.

ఈ ప్రసంగం గురించి ఎవరు రాసినా ముందు రెండు ముక్కలు చెబుతారు. ఒకటి, ఈరోజు గట్టిగా కొడతాను, అంతకన్నా గట్టి దెబ్బ తినడానికీ సిద్ధం, అవతలివాళ్ళ దగ్గర టీఎన్‌టీ దండిగా ఉందని నాకు తెలుసు అన్న మాట. మంత్రి పొడి అక్షరాలు టీటీకే కాబట్టి టీఎన్‌టీ పేలింది. రెండోది, ఆయన అల్లుడు కావడం. మామ ప్రభుత్వాన్ని అల్లుడు నిలదీశాడట! కుటుంబ కథా చిత్రం సిద్ధం.

నాకు ఈ రెండింటితోనూ పేచీ ఉంది. రీల్స్ వచ్చి మన చదువుని పాడుచేశాయని అంటుంటాం గానీ, అరవై ఏళ్ళకు పైగా ఆ ప్రసంగాన్ని మనం రీలు లాగే చదివాం. మెరుపు వాక్యాన్ని ఉంచుకుని మిగతాది పారేశాం. ఆ మిగతాదే అసలు పని చేసింది.

ఏముంది ఆ మిగతాదాంట్లో? లెక్కలు. కొనుగోలుకు ముందు ఆ షేర్ల ధరలు ఎలా ఉన్నాయి, బేరం కుదిరే వేళకి ఎలా పెరిగాయి, బజారు ధర కంటే ఎల్ఐసీ ఎక్కడ ఎక్కువ ఇచ్చింది. పెట్టుబడుల విషయం చూడాల్సిన కమిటీని ముందుగా అడిగారా లేదా. పైకి పొడిగా కనిపించే ఈ ప్రశ్నల వరసలో ఒక కథనం ఉంది. ప్రతి అంకె మంత్రి వెనక ఒక తలుపు మూస్తుంది. ‘మంచి పెట్టుబడే’ అందామంటే ధరలు అడ్డం. ‘పద్ధతి ప్రకారమే జరిగింది’ అందామంటే కమిటీ అడ్డం.

ఇంకో సంగతి. ఆ తలుపులు ఒక్కరోజులో మూసినవి కావు. అదే ఏడాది ముందు ఇదే వ్యవహారం మీద సభలో ప్రశ్నలు వచ్చాయి. ఫిరోజ్‌తో పాటు రామ్ సుభగ్ సింగ్ కూడా అడిగాడు. ఆయనా అధికార పక్షమే. వచ్చిన జవాబులు అరకొర. అనుబంధ ప్రశ్నలు వేస్తే మరికొంత బయటికొచ్చింది. డిసెంబరు ప్రసంగం నిలబడింది ఆ పాత జవాబుల మీదే. మంత్రి మాటను మంత్రి మాటతోనే పోల్చి చూపడం. దీనికి గొంతు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఫిరోజ్‌కి పత్రికా సంస్థలు నడిపిన అనుభవం ఉంది. కాగితాలెక్కడ దొరుకుతాయో తెలిసిన మనిషి.

అలాగని అందులో ఆవేశం లేదనను. తన మనసులో రేగిన తిరుగుబాటే ఈ చర్చ లేవనెత్తేలా చేసిందనీ, ఇంత పెద్ద వ్యవహారంలో మౌనంగా ఉండటం నేరమనీ ఆయన సభకి చెప్పాడు. ‘తిరుగుబాటు’ అన్న మాట ప్రతిపక్షం వాడు వాడితే మామూలే. సొంత పార్టీ బెంచీ మీద నుంచి వచ్చినప్పుడు దాని బరువు వేరు. పైగా ఆ వెంటనే చెప్పిన సూత్రం చల్లగా ఉంటుంది: ప్రజల డబ్బు ఖర్చయ్యేచోట కఠినమైన బహిరంగ చర్చ జరగాలి, తాను సృష్టించిన సంస్థ మీద పార్లమెంటు కన్నేసి ఉంచాలి. వేడీ చల్లదనమూ పక్కపక్కన ఉండబట్టే ఆ పేజీలు ఇప్పటికీ చదివిస్తాయి.

లోపం లేదా అంటే ఉంది. ముంద్రాని వ్యాపార ప్రపంచపు చీకటి అడుగున తిరిగే రహస్య పురుషుడిగా చిత్రించిన చోట ఫిరోజ్ విచారణకంటే ముందే తీర్పు ఇచ్చేశాడు. ఆ వ్యాపారి తర్వాత జైలుకెళ్ళిన మాట నిజమే. అయినా, సభలో అన్న మాటకి పరువునష్టం దావా ఉండదు కాబట్టి, అక్కడ బయటివాళ్ళ గురించి వాడే విశేషణాల విషయంలో సభ్యుడికి మరింత నిగ్రహం ఉండాలి. అంకెలు చాలిన చోట అలంకారం దేనికి?

తర్వాత జరిగింది తెలిసిందే. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేశారు. బహిరంగ విచారణ. జనం పట్టక బయట లౌడ్‌స్పీకర్లు పెట్టారు. 1958 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది: కార్యదర్శి చేసినదానికి రాజ్యాంగపరంగా మంత్రిదే బాధ్యత. అదే నెలలో టీటీకే రాజీనామా. డిసెంబరు నుంచి ఫిబ్రవరికి, రెండు నెలలు!

కథ ఇక్కడ ఆపేస్తే చప్పట్లు కొట్టి లేవొచ్చు. కానీ 1960ల్లో టీటీకే మళ్ళీ ఆర్థికమంత్రి అయ్యారు. ఆ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ 1977లో జనతా ప్రభుత్వంలో తనే ఆర్థికమంత్రి అయ్యారు. మరి ఏం సాధించినట్టు? నేనూ కొన్నాళ్ళు ఇలాగే గొణుక్కున్నాను. ఇప్పుడు వేరుగా అనిపిస్తోంది. సభలో నిలదీయడమంటే ఒక మనిషిని శాశ్వతంగా పడగొట్టడం కాదు. ఫలానా నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఎందుకు, ఎవరినడిగి అన్నది రికార్డులోకి ఎక్కించడం. మనుషులు తిరిగి పదవుల్లోకి రావచ్చు. రికార్డుని మాత్రం వెనక్కి తీసుకోలేరు.

ఈ రోజుల్లో అలాంటి ప్రసంగం వస్తుందా? 1985 నాటి ఫిరాయింపుల చట్టం విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం తీసేస్తానంటుంది, ప్రశ్న అడిగితే కాదు. అయినా అధికార పక్షం బెంచీల్లో అలాంటి గొంతు వినడం అరుదు. వచ్చే ఎన్నికల టికెట్టు ఆ చట్టం కంటే గట్టిగా నోరు మూయిస్తుంది. సమయమూ తగ్గింది. మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంటే, పదిహేడోది 55 రోజులు. అనుబంధ ప్రశ్నకి అనుబంధ ప్రశ్న వేసి నెలల తరబడి తలుపులు మూస్తూ పోవడానికి ఆ రోజులు కావాలి. నలభై సెకన్ల అరుపుకి అక్కర్లేదు.

చివరగా, ఫిరోజ్ రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ ప్రసంగం కాదు, ఒక చిన్న చట్టం. సభలో మాట్లాడిన సభ్యుడికి రక్షణ ఉండేది, దాన్ని అచ్చేసిన పత్రికకి ఉండేది కాదు. సభా చర్చలను దురుద్దేశం లేకుండా, ఉన్నదున్నట్టు ప్రచురిస్తే కేసు ఉండకూడదని ప్రైవేటు బిల్లు తెచ్చి, 1956లో చట్టం చేయించాడు. ముంద్రా చర్చ మర్నాడు పేపర్లో చదివిన వాళ్ళందరికీ ఆ రక్షణ అప్పటికే సిద్ధం చేసి పెట్టాడన్నమాట. ఆయన పోయిన పదిహేనేళ్ళకి, ఎమర్జెన్సీలో, భార్య ఇందిర ప్రభుత్వమే ఆ చట్టాన్ని రద్దు చేసింది. 1977లో మళ్ళీ వచ్చింది. మరుసటేడు 44వ సవరణ దాన్ని రాజ్యాంగంలోకే ఎక్కించింది, శాసనసభలకి కూడా వర్తించేలా.

అంటే ఆయన హక్కు సంపాదించిపెట్టింది మాట్లాడేవాడికి కాదు, చదివేవాడికి. ఆ హక్కుతో నేను చేస్తున్నది వీడియోలు ఫార్వర్డ్ చేయడం. మొన్న ఒక వీడియో వచ్చినప్పుడు ఆగి, ఆ రోజు చర్చ మొత్తం వెతికి చదివాను. గంటన్నర పట్టింది. మంత్రి జవాబులో ఒక వాక్యం దగ్గర పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. ఆ వాక్యం మళ్ళీ అవసరపడుతుంది.