వియత్నాం యుద్ధానికి మొదటి తేదీ ఏది?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గల్లీల్లోనో, పంజాగుట్ట చౌరస్తా దగ్గరి జిరాక్స్ షాపుల్లోనో దొరికే పోటీపరీక్షల నోట్సు మీలో చాలామంది చదివే ఉంటారు. పగలంతా ఉద్యోగమో కోచింగో చూసుకుని, ఆదివారం కాంటాక్ట్ తరగతికి వచ్చే విద్యార్థి చేతిలో మన పాఠ్యపుస్తకం కన్నా ముందు ఆ నోట్సే కనిపిస్తుంది. ధర తక్కువ, అక్షరం పెద్దది, బస్సులో నిలబడి కూడా చదువుకోవచ్చు. ఆ సౌకర్యంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా అందులోని ఒక వాక్యంతోనే. వియత్నాంలో అమెరికా సైనిక జోక్యానికి కారణాలేమిటన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా ఇలా మొదలవుతుంది: 1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకలపై దాడి జరిగింది, అందుచేత అమెరికా యుద్ధంలోకి దిగింది.

ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగండి. ఆగస్టు 2న ఉత్తర వియత్నాం పడవలకూ అమెరికా నౌక మాడక్స్‌కూ మధ్య కాల్పులు జరిగిన మాట నిజం. ఆగస్టు 4న జరిగిందన్న రెండో దాడి మాత్రం జరగనే లేదు. ఆ రెండు ‘దాడుల’ ఆధారంగానే ఆగస్టు 7న అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు జాన్సన్‌కు విశేషాధికారాలు కట్టబెట్టింది. కాబట్టి టోంకిన్ ఘటనను ‘కారణం’ అని రాయడమంటే ఒక పక్షం ఇచ్చిన వాంగ్మూలాన్నే తీర్పుగా రాసుకోవడం. అది జోక్యానికి దొరికిన సాకు. కారణం కోసం ఇంకా వెనక్కి వెళ్ళాలి.

ఎంత వెనక్కి? ఈ విషయంలో అమెరికా రక్షణశాఖే మనకన్నా నిజాయితీగా ఉంది. 1967లో రక్షణమంత్రి మెక్‌నమారా రహస్యంగా తయారు చేయించిన అధ్యయనం, 1971లో డేనియల్ ఎల్స్‌బర్గ్ ద్వారా పత్రికలకెక్కి పెంటగాన్ పత్రాలుగా పేరుపడింది. ఆ అధ్యయనం తన కథను 1964తో కాదు, 1945తో మొదలుపెట్టింది. యుద్ధం నడిపినవారు తమ ఇంట్లో తాము రాసుకున్న లెక్కలో ఉన్న 19 ఏళ్ళు మన నోట్సులో మాయమయ్యాయి.

ఆ 1945 సంగతి చూద్దాం. జపాన్ ఆక్రమణలో ఉత్తర వియత్నాం కరవుతో అల్లాడి లక్షలాది మంది చనిపోయిన కాలమది. జులైలో అమెరికా గూఢచార సంస్థ ఓ.ఎస్.ఎస్. పంపిన ‘డీర్’ బృందం తాన్ త్రావో అడవిలో పారాచూట్లతో దిగింది. జపాన్‌ను ఎదిరిస్తున్న వియత్ మిన్ దళాలకు శిక్షణ ఇచ్చింది. జబ్బుపడి ఉన్న హో చి మిన్‌కు మందులిచ్చింది. సెప్టెంబరు 2న హనోయ్‌లోని బా దిన్ మైదానంలో హో చదివిన స్వాతంత్ర్య ప్రకటన 1776 నాటి అమెరికా ప్రకటన మాటలతోనే మొదలైంది. తరువాత ఆయన అధ్యక్షుడు ట్రూమన్‌కు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

ఇక్కడ కొందరు రచయితలు కన్నీళ్ళు పెట్టుకుంటారు: అయ్యో, అమెరికా ఒక మంచి మిత్రుణ్ణి చేజార్చుకుంది కదా అని. ఈ వాదన వినసొంపుగా ఉంటుంది కాని నిలవదు. అడవిలో స్నేహం చేసిన అధికారులు వేరు, వాషింగ్టన్‌లో విధానం నిర్ణయించినవారు వేరు. ఐరోపాలో ఫ్రాన్స్ తోడు కావాలనుకున్న వాషింగ్టన్, ఇండోచైనాకు ఫ్రెంచివారి తిరిగి రాకకు అడ్డుచెప్పలేదు. ఇటు హో కూడా అమాయకుడు కాడు. 1920లో తూర్ మహాసభలో ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ పుట్టినప్పుడు అక్కడే ఉన్న మనిషి. జెఫర్సన్ మాటలను ఎవరి చెవిన పడేందుకు వాడుతున్నాడో ఆయనకు బాగా తెలుసు. ఆయన జాతీయవాదా, కమ్యూనిస్టా అని అడిగే ప్రశ్నాపత్రాలు నాకు నచ్చవు. రెండూనని రాయండి.

దక్షిణాన జరిగింది మనకు మరింత దగ్గరి కథ. పోట్స్‌డామ్ ఏర్పాటు ప్రకారం 16వ అక్షాంశానికి దక్షిణంగా జపాన్ సేనలను నిరాయుధం చేసే పని బ్రిటన్‌ది. ఆ పనికి సైగాన్ వెళ్ళిన దళం పేరు 20వ ఇండియన్ డివిజన్. సేనాని బ్రిటిష్ జనరల్ గ్రేసీ. సిపాయిల్లో ఎక్కువమంది గూర్ఖాలతో సహా భారత సైన్యానికి చెందినవారు. సెప్టెంబరు 13న సైగాన్ చేరిన గ్రేసీ పది రోజులు తిరక్కుండానే ఫ్రెంచి సైనికుల చేతికి మళ్ళీ ఆయుధాలిచ్చాడు. 23వ తేదీన వారు నగరంలోని ప్రభుత్వ భవనాలను పట్టుకున్నారు. పోరు రాజుకున్నాక, లొంగిపోయిన జపాన్ సైనికులను కూడా వియత్ మిన్ మీదికి నడిపించారు. తమ దేశానికి స్వాతంత్ర్యం ఇంకా రాని సిపాయిలు మరొకరి స్వాతంత్ర్యాన్ని అడ్డుకునే పనిలో ఉన్నారు. నెహ్రూ దీన్ని బాహాటంగా నిరసించారు. 1947 జనవరిలో కలకత్తా విద్యార్థులు వియత్నాం దినం జరుపుతూ పోలీసు కాల్పులకు గురయ్యారు.

అదే సెప్టెంబరు 26న ఓ.ఎస్.ఎస్. అధికారి పీటర్ డ్యూయీ సైగాన్‌లో కాల్పులకు బలయ్యాడు. ఫ్రెంచివాడనుకుని వియత్ మిన్ వారు కాల్చారని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. వియత్నాంలో చనిపోయిన మొదటి అమెరికన్ సైనికుడు అతడే. వాషింగ్టన్‌లో 1982లో కట్టిన స్మారక గోడ మీద అతని పేరు లేదు. ఆ గోడ లెక్కలో యుద్ధం అప్పటికి మొదలుకాలేదు. మొదటి తేదీ మార్చితే మృతుల జాబితా కూడా మారిపోతుందని గమనించండి.

మన తెలుగు సాహిత్యానికీ ఈ విమర్శ వర్తిస్తుంది. 1970లో శ్రీశ్రీ అధ్యక్షుడుగా విరసం ఏర్పడే నాటికి వియత్నాం తెలుగు కవికి సొంత ఊరంత దగ్గరైంది. ఆ సంఘీభావం నిజమైనదే, విలువైనదే. కాని అందులో కనిపించేది ఎక్కువగా నేపామ్ బాంబుల వియత్నాం, 1965 తరువాతి వియత్నాం. సైగాన్ వీధిలో తుపాకీ పట్టుకు నిలబడ్డ భారతీయ సిపాయి దాదాపు కనిపించడు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని వియత్నాంతో పోల్చి రాసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ డిసెంబరులోనే హనోయ్‌లో ఫ్రెంచివారితో పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది. సంవత్సరం ఒకటే, రైతులే ఇద్దరికీ బలం. అయినా 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులు ఆదర్శంగా ఎత్తిచూపింది వియత్నాంను కాదు, మావో చైనాను.

1950ని నోట్సు ఒక్క ముక్కలో దాటేస్తుంది. దాటకూడదు. ఫిబ్రవరిలో అమెరికా బావో దాయ్ ప్రభుత్వాన్ని గుర్తించింది. మే 8న విదేశాంగమంత్రి ఎచిసన్ ఇండోచైనాకు సైనిక, ఆర్థిక సహాయం ప్రకటించాడు. కొరియా యుద్ధం మొదలైంది జూన్ 25న. అంటే కొరియా వల్లే అమెరికా వియత్నాం వైపు తిరిగిందన్న వాదనకు తేదీలే అడ్డం. 1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలవడం అంతకన్నా బలమైన కారణం. ఆ సెప్టెంబరులో సైనిక సలహా బృందం సైగాన్ చేరింది. 1954 నాటికి ఫ్రెంచి యుద్ధ ఖర్చులో దాదాపు 80 శాతం అమెరికాదే.

ఆ మధ్యకాలాన్ని పట్టుకున్న నవల గ్రాహం గ్రీన్ రాసిన ‘ది క్వయట్ అమెరికన్’, 1955లో వచ్చింది. సదుద్దేశంతో వచ్చి సైగాన్ నడిబొడ్డున బాంబు పేలుడుకు కారణమయ్యే అమెరికన్ యువకుడి కథ. 1958లో హాలీవుడ్ దాన్ని సినిమాగా తీసి నేరాన్ని కమ్యూనిస్టుల మీదికి నెట్టింది, గ్రీన్ మండిపడ్డాడు. వీలుంటే రెండూ పక్కపక్కన చూడండి. నవలను మాత్రం సాక్ష్యంగా జవాబులో ఎక్కించకండి. 1952 నాటి అసలు పేలుళ్ళలో అమెరికా చేయి ఉందా అన్నది నేటికీ వివాదమే.

ఇక జెనీవా. 1956లో ‘ఎన్నికలు జరగలేదు’ అని నోట్సు రాస్తుంది, వాన కురవలేదన్నట్టు. కర్త లేని వాక్యాన్ని చరిత్రలో అనుమానించాలి. ఎన్నికలకు నిరాకరించింది ఎన్గో దిన్ దియెమ్; అతని వెనక నిలబడ్డది జెనీవా ఒప్పందంపై సంతకం చేయని అమెరికా. కెనడా, పోలండ్‌లతో కలిసి పర్యవేక్షించిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత వహించింది భారతదేశం. నివేదికలు రాయగలిగిందే తప్ప ఎన్నికలు జరిపించే అధికారం దానికి లేదు. ఈ సందర్భంలో అందరూ ఉదాహరించే ఐసెన్‌హోవర్ మాటను కూడా సరిచూసుకోండి. హోకు 80 శాతం ఓట్లు పడేవని ఆయన 1963 నాటి జ్ఞాపకాల్లో రాసింది 1956 ఎన్నికల గురించి కాదు, దియెమ్‌తో పోల్చీ కాదు. ఫ్రెంచివారితో పోరు సాగుతున్నప్పుడే ఎన్నికలు పెట్టి ఉంటే, బావో దాయ్‌కు ఎదురుగా హోకు అన్ని ఓట్లు పడి ఉండేవన్నది ఆయన అంచనా.