‘అక్కా’ అని పిలవని పాట

‘చౌరస్తా’ బృందానికి పేరు తెచ్చిన పాటల్లో ‘ఊరెళ్లిపోతా మామ’ ఒకటి. రెగే బాణీ, రామ్ మిరియాల గొంతు. పట్నంతో విసిగినవాడు ఊరికి పోతానంటాడు. అక్కడ ఇంకా ఏం మిగిలిందని స్నేహితుడు నిలదీస్తాడు. పల్లెను ఊరికే పొగడకపోవడమే ఈ పాట బలం.

కానీ ‘మామ’ అన్న పిలుపుతోనే అది ఇద్దరు మగవాళ్ల సంభాషణ అయిపోయింది. అనంతపురం జిల్లా గుమ్మఘట్ట నుంచి వింటే ఆ లోటు తెలుస్తుంది. వేదవతి మీది భైరవానితిప్ప ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉంది. అయినా వాన తప్పితే వేరుశనగ ఎండుతుంది, బెంగళూరుకు వలస తప్పదు. మగవాడు పోతే అప్పులూ పశువులూ ముసలివాళ్లూ ఆమె నెత్తిన. ఇద్దరూ పోతే పగలు ఇటుకలు మోసి, రాత్రి వంట చేసేదీ ఆమే.

‘ఊరెళ్లిపోతా’ అని ఆమె అంటే, ఏ ఊరికి? పుట్టింట్లో చుట్టం. మెట్టినింట్లో పాసుపుస్తకం చాలావరకు మగవాడి పేరనే. అతనికి ఊరు పోగొట్టుకున్నది, ఆమెకు ఎన్నడూ దక్కనిది.

రెగే పుట్టిన జమైకాలోనూ ఇదే కథ. బానిసలుగా తెచ్చినవారి వారసులు సొంతనేలకు మళ్లాలని పాడుకున్నారు. 1974 నుంచి బాబ్ మార్లే వెనక వంతపాట పాడింది రీటా మార్లే, జూడీ మోవాట్, మార్సియా గ్రిఫిత్స్. తర్వాత జూడీ ‘బ్లాక్ వుమన్’ అనే సొంత ఆల్బమ్ తెచ్చింది. మన పాటలోనూ వంత ముందుకు రావాలి. ‘ఏ ఊరెళ్దాం అక్కా?’ అని ఒక స్త్రీ మరో స్త్రీని అడగాలి.