బొటనవేలి లెక్క

స్టాంపు ప్యాడు మూత తీసి, అలవాటు కొద్దీ "ఎడం చెయ్యి ఇలా ఇయ్యి నాయనా" అన్నాను. ఇవ్వలేదు. కట్టు విప్పి నాలుగు రోజులే అయిన ఆ చేతిని ఒడిలో తువ్వాలు కింద దాచుకుని నా మొహంలోకి చూశాడు. అప్పుడు ఫారం వైపు చూశాను. అడుగున చిన్న గడి, దాని కింద అచ్చు అక్షరాల్లో 'ఎడమ బొటనవేలి ముద్ర' అని ఉంది. ఆ వేలు పోయిందనే మేం ఆ ఫారం నింపుతున్నాం.

'ఎడమ' కొట్టేసి 'కుడి' అని రాశాను. ఎందుకు మార్చామో పక్కన ఒక ముక్క రాసి, సంతకం పెట్టాను. కుడి బొటనవేలు అద్ది తుడుచుకుంటూ అతను అడిగాడు, "ఈ ఏలికి ఎంతొస్తాదంటావు బాబాయ్?"

అతనికి ముప్పై ఐదేళ్లు. కాంట్రాక్టరు కింద కళాసీ. ఇనప ప్లేట్లు క్రేనుతో ఎత్తేచోట స్లింగు సర్దుతుంటే బరువు ఊగింది. స్లింగుకీ ప్లేటు అంచుకీ మధ్య వేలు పడింది. పాతికేళ్లు పోర్టు దగ్గర ఒక కార్మిక సంఘం ఆఫీసులో ఇలాంటి కాగితాలే రాశాను. రిటైరయ్యాక కూడా గాజువాకలో మా ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దుట పూట రాస్తూనే ఉన్నాను. ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. ఇన్నేళ్లలోనూ దీనికి ఒక్క అంకెలో జవాబు చెప్పలేకపోయాను. ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ల లెక్క వాళ్లది.

ముందు ఈఎస్ఐ. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికుడి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ఈఎస్ఐకి వెళ్తాయి. జీతం చీటీలో ఆ కోత చూసి విసుక్కునేవాళ్లే ఎక్కువ. మల్కాపురం ఆస్పత్రిలో మందులిచ్చే చీటీ అనే చాలామంది అనుకుంటారు. మన ఊళ్లో కూలీ మనిషికున్న అసలైన అంగవైకల్య బీమా అదే. పనిలో చేరిన మొదటి రోజు ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. గాయం మానేదాకా జీతంలో 90 శాతం ఇస్తారు. మానాక లోటు మిగిలిపోతే మెడికల్ బోర్డు శాతం కడుతుంది, ఆ శాతం మేరకు బతికున్నంత కాలం నెలనెలా వస్తుంది. చట్టం వెనక ఉన్న పట్టికలో బొటనవేలికి 30 రాసి ఉంది. ఇతని జీతం రోజుకు 600 పడుతుంది. అందులో 90 శాతం 540, దానిలో 30 శాతం 162. నెలకు 4,860 రూపాయలు.

ఈఎస్ఐ లేనివాళ్లకు లెక్క వేరు. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం యజమాని ఒకేసారి చెల్లించాలి. జీతంలో 60 శాతం తీసుకుని, వయసుకు ఒక గుణకం ఉంటుంది, దానితో హెచ్చించాలి. ముప్పై ఐదేళ్లకు ఆ గుణకం 197.06. జీతం ఎంతున్నా, 2020 జనవరిలో పెట్టిన పరిమితి ప్రకారం 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. అంటే 9,000ని 197.06తో హెచ్చించి, అందులో 30 శాతం తీస్తే 5,32,062 రూపాయలు. ఈఎస్ఐ ఉన్నవాడికి ఈ దారి మూసుకుపోతుంది, రెండూ పుచ్చుకోవడానికి లేదు. ఆ రెండు చట్టాలూ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ కోడ్‌లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ఇంటినుంచి డ్యూటీకి వెళ్తూనో, డ్యూటీ దిగి వస్తూనో దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే. నైట్ షిఫ్టు దిగి నిద్రకళ్లతో హైవే మీద బండి నడిపేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో మనకు తెలుసు.

మూడోది బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా. 2015లో 12 రూపాయలతో మొదలైంది. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్లవాళ్లకు. ప్రమాదంలో మనిషి పోయినా, రెండు కళ్లో రెండు చేతులో పోయినా 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే లక్ష. వేలికి ఏమీ లేదు. నాలుగోది ప్రభుత్వ పింఛను. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. సదరం సర్టిఫికెట్టులో 40 శాతం ఉండాలి. ఒక్క బొటనవేలు మొదలంటా పోయినా అక్కడ 30 దాటదు. ఐదోది ప్రైవేటు ప్రమాద బీమా పాలసీ. చాలా కంపెనీల పట్టికల్లో బొటనవేలికి 20, 25 శాతం దాకా ఉంటుంది. పది లక్షల పాలసీ ఉంటే రెండు, రెండున్నర లక్షలు. ఈఎస్ఐ ఇచ్చింది కదా అని దీన్ని ఆపరు, ఎన్ని పాలసీలుంటే అన్నీ ఇవ్వాల్సిందే. ఇతనికి అలాంటిది ఒక్కటీ లేదు.

ఒకే వేలు. ఒకచోట నెలకు 4,860, ఒకచోట ఐదు లక్షల చిల్లర, ఒకచోట సున్నా. ఇన్ని లెక్కలెందుకొచ్చాయంటే, ఒకరు ఒంట్లో ఎంత భాగం పోయిందని కొలుస్తారు, ఇంకొకరు సంపాదించే శక్తి ఎంత పోయిందని కొలుస్తారు. ఈ రెండూ ఒకటి కావు. బీమా గురించి నేను నేర్చుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. 1975 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో తీర్పు ఇచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ఇంకో చెయ్యి ఉంది కదా, ఇది పాక్షిక వైకల్యమే అని యజమాని వాదన. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, నూటికి నూరు శాతం కట్టాల్సిందే అని కోర్టు తేల్చింది. పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత ప్రమాదం జరిగిన రోజునే మొదలవుతుందని కూడా చెప్పింది. ఆ తీర్పు నకలు ఇప్పటికీ నా సంచిలో ఉంటుంది. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషికి ఎన్ని అంగుళాలు తెగిందన్నది కాదు, రేపు ఏ పని చేయగలడన్నది ముఖ్యం.

ఈ ఊరికి ప్రమాదాలు కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మింది. అదే ఏడాది ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది పోయారు. అలాంటప్పుడు మంత్రులు వస్తారు, పరిహారాలు ప్రకటిస్తారు. అది సరైనదే, రావాలి. కానీ ఒక కళాసీ వేలు తెగితే, ఒక ఫిట్టరు కంట్లో ఇనప రజను పడితే ఎవరూ ఏదీ ప్రకటించరు. వాళ్లకున్నది ముందే కట్టిన బీమా, ఆ రోజే రాయించిన కాగితం, అంతే.

కాగితాల మనిషినని పేరున్న నా ఇంట్లోనే ఒక తప్పు జరిగింది. మా అన్నయ్య ఒక ప్రైవేటు కంపెనీలో ఫిట్టరుగా చేసేవాడు. నా మాట మీదే పది లక్షల ప్రమాద బీమా తీసుకున్నాడు. నలభై ఏడో ఏట ఒక తెల్లవారుజామున పళ్లు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోయి లేవలేకపోయాడు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది, మాట ముద్దయింది. ఆస్పత్రి హడావుడి తగ్గాక పాలసీ కాగితాలు బయటకు తీశాను. ప్రమాదం అంటే ఏమిటో అందులో స్పష్టంగా ఉంది. హఠాత్తుగా, అనుకోకుండా, బయటినుంచి, కంటికి కనబడే బలమైన కారణం వల్ల జరిగింది మాత్రమే ప్రమాదం. మెదడులో రక్తనాళం పూడుకుపోతే అది బయటినుంచి వచ్చింది కాదు. క్లెయిమ్ తిప్పి పంపారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు ఆధారం లేదు, రాసింది రాసినట్టే చేశారు. ఆ పుట నేను ముందే చదివి ఉండాల్సింది. పక్షవాతం, గుండెపోటు, క్యాన్సరు లాంటి పెద్ద జబ్బులకు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ వేరే ఉంటుంది. అందులో కూడా పక్షవాతపు లోటు మూడు నెలలు దాటి నిలిచి ఉంటేనే డబ్బు. ఆ రెండో పాలసీ మేం తీసుకోలేదు.

అంతకంటే ఎక్కువ బాధపెట్టింది తర్వాత సంగతి. అన్నయ్యకు పీఎఫ్ ఉంది. పీఎఫ్‌తో పాటు నడిచే 1995 పింఛను పథకంలో, ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైనవాడికి వెంటనే పింఛను మొదలవ్వాలి. పదేళ్ల సర్వీసు నిబంధన లేదు, ఒక్క నెల చందా కట్టి ఉంటే చాలు. వైకల్యం పనిలోనే రావాలని కూడా లేదు, జబ్బు వల్ల వచ్చినా సరే. ఈ సంగతి మాకు మూడేళ్ల తర్వాత ఒక పాత మిత్రుడు చెబితే తెలిసింది. మొదటి నెల పింఛను పడ్డ రోజు అన్నయ్య ఫోనులో మెసేజీని ఎడం చేత్తో పట్టుకుని వదినకు మళ్లీ మళ్లీ చూపించాడు. మాట రాదు కదా, చూపించడమే. ఆ మూడేళ్లూ వదిన రొయ్యల కంపెనీకి వెళ్లి నిలువుకాళ్ల మీద తలలు ఒలిచింది.

అప్పటినుంచి ఎవరు పాలసీ తెచ్చినా ముందు మొత్తం చూడను. ఎన్ని లక్షలన్నది అట్ట మీదే ఉంటుంది. లోపల 'ప్రమాదం' అర్థం, శాతాల పట్టిక, మినహాయింపులు, ఈ మూడు పుటలనూ ఆ ఇంటి ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి పైకి చదువుతాను. ప్రమాద పాలసీల్లో తాత్కాలిక వైకల్యానికి వారం వారం డబ్బిచ్చే షరతు చాలాసార్లు విడిగా అడిగి చేర్పించుకోవాలి. కూలి పనివాడికి లక్షల కంటే ఆ వారపు డబ్బే ముఖ్యం, మంచం మీదున్న మూడు నెలలూ బియ్యం దానితోనే రావాలి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాల్సిన 'సరళ్ సురక్షా బీమా' ఉంది. రెండున్నర లక్షల నుంచి కోటి వరకు. అక్కడ కూడా ఈ వారపు డబ్బు ఐచ్ఛికమే. ఎల్‌ఐసీ పాలసీకి ప్రమాద వైకల్య రైడరు చేర్పించుకుంటే, పూర్తి వైకల్యానికి ఆ మొత్తాన్ని పదేళ్ల పాటు నెలవాయిదాల్లో ఇస్తారు. ఫిషింగ్ హార్బరు నుంచి వచ్చే గంగపుత్రులకు మాత్రం ముందు మత్స్య సంపద యోజన గ్రూపు బీమాలో పేరుందో లేదో చూడమంటాను. వాళ్లు పైసా కట్టక్కర్లేదు, పూర్తి వైకల్యానికి 5 లక్షలు, పాక్షికానికి రెండున్నర. కంపెనీ అన్యాయంగా కాదంటే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మళ్లీ మా కళాసీ దగ్గరికి వస్తాను. కాంట్రాక్టరు మనిషి యాభై వేలు చేతిలో పెడతానని, ఒక తెల్లకాగితం మీద ముద్ర వేయమని అడిగాడట. వేయొద్దని గట్టిగా చెప్పాను. హక్కు వదులుకున్నానని రాసిచ్చిన కాగితం చట్టం ముందు చెల్లదు. కానీ పేదవాడి దగ్గర యాభై వేలు ఎంత బరువో నాకు తెలుసు. అతని భార్య ఆ మాట విని తల దించుకుంది.

తర్వాత అతని డిశ్చార్జి కాగితం, యాక్సిడెంటు రిపోర్టు పక్కపక్కన పెట్టి చదివాను. రిపోర్టులో ఒక్క బొటనవేలే ఉంది. డిశ్చార్జి కాగితంలో రెండో పంక్తిలో చూపుడువేలి నరం కూడా తెగి కుట్టినట్టు ఉంది. "ఆ ఏలు వంచు" అన్నాను. సగం కూడా వంగలేదు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. వేలు ఉంది కదా అనుకున్నాడు. పట్టికలో లేని గాయాలను మెడికల్ బోర్డు విడిగా చూసి శాతం కలపాలి, అయితే కాగితంలో ఉండాలి. రిపోర్టు సరిదిద్దమని ఒక అర్జీ, డిశ్చార్జి నకలు జతచేసి, ఆ పూటే రాశాం. బోర్డు ఇచ్చిన శాతం నచ్చకపోతే మెడికల్ అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చని కూడా చెప్పాను.

"బోర్డులో ఏటని చెప్పాల?" అన్నాడు.

నీ పనేమిటో చెప్పు అన్నాను. చెప్పడం మొదలెట్టాడు. స్లింగును బరువుకు తగిలించే డీ షాకిల్‌ను ఎడం చేత్తో ఎత్తి పట్టుకోవాలి, కుడిచేత్తో పిన్ను తిప్పాలి. పైన బరువు వేలాడుతుంటుంది, పిన్ను ఆఖరి మర దాకా బిగియాలి, పట్టు జారితే కింద ఉన్నవాడి తల. చెబుతూ చెబుతూ ఆగిపోయి, ఖాళీ చేతిని గాల్లో అలాగే పట్టుకున్నాడు.

వారం తర్వాత బోర్డుకు వెళ్లే రోజు పొద్దున్నే మా ఇంటి ముందు ఆగాడు. కాగితాల కవరు భార్య చేతిలో ఉంది. అతని భుజాన గుడ్డసంచి బరువుగా వేలాడుతోంది. ఏమిటని అడిగితే సంచి మూతి విప్పి చూపించాడు. తువ్వాల్లో చుట్టిన పాత షాకిల్, దాని పిన్ను.