పేరున్న చావు, అంకెల చావు

1915 సెప్టెంబర్ 27న ఫ్రాన్స్‌లోని లూస్ యుద్ధంలో జాన్ కిప్లింగ్ కనబడకుండా పోయాడు. 18 ఏళ్లవాడు. చూపు ఆనదని సైన్యం వద్దంటే, తండ్రి రడ్యార్డ్ కిప్లింగ్ పలుకుబడితో ఐరిష్ గార్డ్స్‌లో చేరాడు. పేరుమోసిన రచయిత కొడుకు కనుక పత్రికలు తండ్రి పేరుతో సహా ఆ ఖబరు వేశాయి.

ఆ పిల్లాడి చావుని మేం తక్కువ చెయ్యం. కడుపుకోత ఎవరిదైనా ఒకటే. మా తగవు పత్రికలతోనే. రెండు రోజుల ముందే, సెప్టెంబర్ 25న, లూస్‌కి ఉత్తరాన జర్మన్ల దృష్టి మళ్లించడానికి మీరట్ డివిజన్‌ని ముందుకు తోశారు. ముస్లింలు, హిందువులు, సిక్కులు, గూర్ఖాలు కలిసే నేలకొరిగారు. పత్రికలకు వాళ్లు వట్టి 'ఇండియన్ దళాలు'.

కొడుకు పోయాక కిప్లింగ్ యుద్ధ సమాధుల కమిషన్‌లో పనిచేశాడు. చనిపోయినవాళ్ల పేరు కలకాలం నిలుస్తుందనే మాటని స్మారకాల కోసం ఎంచింది ఆయనే. ఫ్రాన్స్‌లో నవ్ షాపెల్ దగ్గర ఆ కమిషన్ 4,700 మందికి పైగా ఇండియన్ల పేర్లు చెక్కించింది. ఇరాక్‌లో బస్రా స్మారకం దగ్గరికొచ్చేసరికి మామూలు ఇండియన్ సిపాయిలకు పేర్లు లేవు, అంకెలే. ఈ వివక్షకి కమిషన్ క్షమాపణ చెప్పింది 2021లో!

మాకిది పరాయి కథ కాదు. అనుమానితుడైతే మా పేరు పెద్దక్షరాల్లో అచ్చవుతుంది. అల్లర్లలో చస్తే 'ఒక వర్గానికి చెందిన ఇద్దరు' అవుతాం. ఆ ఇద్దరికీ పేర్లున్నాయి. వాటినే అడుగుతున్నాం.